పచ్చటి చేను ఫొటోలో ఎందుకు తేలిపోతుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అడిగినవారి సొంతూరు కోనసీమలో ఉంది. చేతిలో ఒక ఫోనూ, కెమెరాతో పాటే వచ్చే 18–55 మిల్లీమీటర్ల కిట్ లెన్సున్న డీఎస్‌ఎల్‌ఆరూ ఉన్నాయి. పచ్చటి చేను, కొబ్బరి చెట్లు, కాలువ, నీలాకాశం అన్నీ ఫ్రేములోకి వచ్చాయి. అయినా ఫొటో చూస్తే బస్సు కిటికీలోంచి తీసినట్టే ఉంది. లోపం ఎక్కడ? కొత్త లెన్సు కొంటే బాగుపడుతుందా?

సూటిగా చెప్పాలంటే లోపం లెన్సులో లేదు. ఫ్రేములో అన్నీ ఉన్నాయి గానీ ఏదీ మిగతావాటి నుంచి విడిపడి లేదు. గట్టు మీద నిలబడ్డప్పుడు మీకు రెండు కళ్ళున్నాయి. దగ్గరి కొబ్బరి చెట్టుకీ, వెనకున్న తోటకీ మధ్య ఎంత దూరముందో అవే చెప్పేస్తాయి. పైగా చేను గాలికి ఊగుతుంది, కాలువ పారుతుంది, తల తిప్పి చూసుకుంటారు. కెమెరాకి ఉన్నది ఒకటే కన్ను, అదీ కదలదు. పచ్చ చెట్టు వెనక పచ్చ తోట, దాని ముందు పచ్చ చేను: మూడూ కలిసి ఒకే పచ్చ ముద్దైపోతాయి. మామూలు ఫొటోకీ, చూడగానే ఆగిపోయే ఫొటోకీ ఉన్న తేడాలో ముప్పావు వంతు ఇక్కడే ఉంది. ఆ ముద్దను విడదీసే పని మీరు చేయాలి. నిలబడే చోటుతో విడదీయవచ్చు, వెలుతురుతో, మంచుతో, పంట దశతో, చివరికి కొద్దిగా ఎడిటింగుతో విడదీయవచ్చు. ఫ్రేమును మూడు భాగాలు చేసే గీతలు, చూపుని లోపలికి తీసుకెళ్ళే గీతలు లాంటి కూర్పు సూత్రాలు ఆ తర్వాతే. చెట్టు తోటలో కలిసిపోయి ఉంటే దాన్ని ఏ గీత మీద పెట్టినా ఒకటే.

ముందు నిలబడే ఎత్తు

దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎక్కువమంది వదిలేసేది దీన్నే. డెల్టా నేల బల్లపరుపు. ఫోనును కంటి ఎత్తులో, అంటే సుమారు 1.5 మీటర్ల ఎత్తున, అడ్డంగా, వాలకుండా పట్టుకున్నారనుకోండి. మామూలు 1ఎక్స్ లెన్సులో ఫ్రేము కింది అంచు మీ ముందు దాదాపు 3 మీటర్ల దగ్గర పడుతుంది. ఫ్రేము కింది సగంలో ముప్పావు వంతుకు పైగా 3 నుంచి 15 మీటర్ల మధ్యనున్న గట్టూ, గడ్డీ ఆక్రమిస్తాయి. మీకు నచ్చి ఆగింది వాటి కోసం కాదు కదా. కంటికి విశాలంగా కనిపించిన చేను, అంటే 50 మీటర్ల నుంచి అర కిలోమీటరు దాకా ఉన్నదంతా, ఫ్రేము ఎత్తులో 3 శాతం కూడా రాదు. సన్నటి పచ్చ గీతలా మిగులుతుంది. పైన సగం ఖాళీ ఆకాశం, కింద సగం ఎవరికీ అక్కర్లేని గడ్డి. "ఎదురుగా ఎంతో బాగుంది, ఫొటోలో ఏమీ లేదు" అని అందరూ అనేది ఈ లెక్క వల్లే.

అదే ఎత్తైన కాలువ గట్టో, చెరువు కట్టో, ఎవరిదైనా డాబానో ఎక్కి కంటి ఎత్తు 6.5 మీటర్లు చేశారనుకోండి. ఆ చేనే ఫ్రేములో సుమారు 12 శాతం ఆక్రమిస్తుంది. నాలుగు రెట్లు పైనే. మడుల గళ్ళు, గట్ల వంపులు, పిల్ల కాలువ మెలికలు అప్పుడే బయటపడతాయి. ఐదు మీటర్లు ఎక్కడం వల్ల వచ్చే లాభం ఏ లెన్సూ ఇవ్వదు.

ఎక్కడానికి ఏమీ లేకపోతే కూర్చోండి. కెమెరా 40–50 సెంటీమీటర్ల ఎత్తుకు దిగితే దగ్గరి వరి వెన్నులు గానీ, నీటి అద్దం గానీ, మంచు పట్టిన గడ్డిపరకలు గానీ ముందుకొస్తాయి. ఏమీ లేని మధ్యభాగం నొక్కుకుపోయి, ముందున్నది నేరుగా దూరపు చెట్లతో కలుస్తుంది. ఎక్కాలి, లేదా దిగాలి. నిలుచున్న ఎత్తు నుంచి తీసిన పల్లె ఫొటో మంచిది కావడం అరుదు.

ఇక్కడే ఇంకో సంగతి. చదును నేల మీద క్షితిజ రేఖ ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే ఉంటుంది. మీరు నిలబడి, గట్టు మీద నడుస్తున్న మనిషిని తీస్తే ఆ రేఖ సరిగ్గా అతని కళ్ళ దగ్గరో, మెడ దగ్గరో కోస్తుంది. తల వెనకనున్న తోపులో కలిసిపోతుంది. మీరు మోకాళ్ళ మీద కూర్చుంటే రేఖ అతని నడుము కిందకి దిగి, పై భాగమంతా ఆకాశం మీదికి వస్తుంది. వెనక చెట్లు ఎత్తుగా ఉంటే ఇంకా కిందకి దిగాలి. లేదా పైకెక్కి, మనిషి మొత్తం చేను పచ్చ మీదే పడేలా చూడాలి. తెల్ల పంచో ఎర్ర చీరో అయితే ఈ రెండోదే బాగుంటుంది.

తర్వాత పక్కకి రెండడుగులు. రెండు తాడిచెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉంటే చూసేవారికి అది రెండు తలల చెట్టు. అడుగు పక్కకి వేస్తే దగ్గరి చెట్టు ఒకవైపుకి జరిగి మధ్యలో ఆకాశం కనిపిస్తుంది. గుడిసె కప్పు అంచు గుట్ట అంచుని తాకుతోందా, కరెంటు స్తంభం గడ్డివాములోంచి మొలిచినట్టుందా, ఎద్దు కొమ్ము చెట్టు మానుని తాకుతోందా అని షట్టరు నొక్కేముందు చూసుకోండి. రెండు ఆకారాలు స్పష్టంగా విడిగానైనా ఉండాలి, స్పష్టంగా ఒకదాన్నొకటి కప్పుకునైనా ఉండాలి. అంచులు ఆనీ ఆనకుండా ఉన్నప్పుడే లోతు చచ్చిపోతుంది. అలాగే ఫ్రేము నాలుగు అంచులూ ఒకసారి చుట్టి రండి. సగం తెగిన కొబ్బరి మట్ట, మూలన ఎరువుల సంచి, తెల్లటి ప్లాస్టిక్ కవరు. ఎక్కడ వెలుతురు ఎక్కువగా ఉంటే కన్ను అక్కడికే పోతుంది కాబట్టి మూలనున్న తెల్ల కవరు మధ్యలో ఉన్న గుడిని ఓడించేస్తుంది.

తీగల గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడు కరెంటు తీగలు లేని ఊరు లేదు. ఎడిటింగులో చెరిపేయడం కన్నా తీగలకు ఎదురుగా తిరగకుండా, వాటి కిందికెళ్ళి వాటిని వెనక్కి వదిలేయడం తేలిక. కాకపోతే ధైర్యంగా వాటినే విషయం చేసుకోండి. తీగ మీద ఒంటరిగా కూర్చున్న పాలపిట్ట, వరసగా కూర్చున్న పసిరిక పిట్టలు కూడా పల్లె దృశ్యమే.

వెడల్పు లెన్సు మోజు

ఫోనులో 0.5ఎక్స్ నొక్కితే "అంతా వచ్చింది" అనిపిస్తుంది. వచ్చింది నిజమే, చిన్నదైపోయి వచ్చింది. 2 కిలోమీటర్ల దూరంలో ఉన్న 100 మీటర్ల గుట్ట ఫోను 1ఎక్స్‌లో ఫ్రేము ఎత్తులో 5 శాతం మాత్రమే ఉంటుంది. 2ఎక్స్‌లో 10, 5ఎక్స్‌లో 25. తెలంగాణలో గుట్టల ముందు చెరువు, చెరువు ముందు తాటివనం ఉన్న చోట జూమ్ లెన్సే గుట్టకి దాని ఎత్తుని తిరిగి ఇస్తుంది. మీ 18–55 లెన్సును 18 దగ్గర ఉంచకుండా 40–55 మధ్య తీసి చూడండి. వెనక్కి నడవండి, జూమ్ చేయండి. చేనుకీ తోపుకీ మధ్య దూరం తగ్గినట్టు కనిపించి, రెండూ ఒక దృశ్యంలో భాగమవుతాయి. 18 మిల్లీమీటర్లు పనికొచ్చేది ముందుభాగంలో, మీటరు దూరంలో చూపదగ్గ వస్తువు ఉన్నప్పుడే.

అలా ముందుభాగం పెట్టినప్పుడు ఫోకస్ ఎక్కడ? మీ కెమెరా ఏపీఎస్‌–సీ సెన్సరుదైతే (కిట్ లెన్సుతో వచ్చేవి చాలావరకు ఇవే) 18 మిల్లీమీటర్లు, ఎఫ్/11 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం సన్నబడుతుంది) దగ్గర 1.5 మీటర్ల దూరానికి ఫోకస్ చేయండి. సుమారు 75 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా సరిపడా స్పష్టంగా వస్తుంది. ఎఫ్/8 అయితే 2 మీటర్ల దగ్గర ఫోకస్, మీటరు నుంచి అనంతం దాకా. ఎఫ్/22కి వెళ్ళకండి. సన్నటి రంధ్రంలో వెలుతురు చెదరడం (డిఫ్రాక్షన్) వల్ల మొత్తం ఫొటో మెత్తబడుతుంది, షట్టరు కూడా నెమ్మదిస్తుంది. దూరపు చెట్ల మీద ఫోకస్ చేసి దగ్గరి వెన్నులు మసకబారడం ఈ రకం ఫొటోల్లో అన్నిటికన్నా తరచుగా కనపడే తప్పు.

వెలుతురు

సూర్యుడు మీ వీపు వెనక ఉంటే రంగు వస్తుంది, ఆకారం రాదు. నీడలన్నీ వస్తువుల వెనక దాక్కుంటాయి. పోస్టుకార్డు వెలుతురు అది. పక్క నుంచి పడే ఎండలో ప్రతి గట్టుకీ ఒక వెలుగు వైపు, ఒక నీడ వైపు ఏర్పడతాయి. గడ్డివాము గుండ్రంగా కనిపిస్తుంది, దున్నిన చాళ్ళు లేచి నిలబడతాయి. ఎదురు ఎండలో వరి ఆకులోంచి వెలుతురు దూసుకొచ్చి ఆకు లేత పసుపుపచ్చగా వెలుగుతుంది, వెనకున్న తోపు నీడలో నల్లబడుతుంది. పచ్చ మీద పచ్చ విడిపోవడానికి ఇంతకు మించిన మార్గం లేదు. ఎదురు ఎండకు తీసేటప్పుడు లెన్సు మీద ఎండ పడకుండా అరచేతితో నీడ పట్టండి. ఫోను లెన్సుని బట్టతో తుడవండి. వేలిముద్ర జిడ్డు ఉంటే ఫొటో అంతా పాలు కలిపినట్టు తెల్లబారుతుంది.

యూరప్ వాళ్ళ పాఠాల్లో బంగారు వెలుగు గంటకు పైగా ఉంటుందని చెబుతారు. మనకి అలా కుదరదు. 16–18 డిగ్రీల అక్షాంశంలో సూర్యుడు దాదాపు నిటారుగా ఎక్కుతాడు. క్షితిజం నుంచి 6 డిగ్రీల ఎత్తుకి, అంటే ఆ వెలుగు పోయే ఎత్తుకి, రావడానికి 25 నుంచి 28 నిమిషాలు చాలు. అంటే పొద్దు పొడిచాక చేను వెతుక్కుంటూ తిరిగితే అయిపోయినట్టే. ముందురోజు సాయంత్రమే చోటు చూసుకుని, మర్నాడు పొద్దు పొడవడానికి 30–40 నిమిషాల ముందు అక్కడ ఉండాలి. తూర్పు తెల్లవారుతున్నప్పటి నీటి రంగు వేరు, మొదటి ఎండ వేరు. రెండూ అందుతాయి.

ఏ నెలలో ఏ వైపు నుంచి ఎండ పడుతుందో కూడా ముఖ్యమే. డిసెంబరు చివర్లో సూర్యుడు సరైన తూర్పు కన్నా సుమారు 25 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు, జూన్ చివర్లో అంతే ఉత్తరంగా. ఒకే కాలువ, ఒకే వంతెన. సంక్రాంతికి పక్క ఎండ పడేది ఆషాఢానికి ఎదురెండ కావచ్చు. మే, ఆగస్టు నెలల మొదటి పక్షాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు చెట్టు నీడ చెట్టు కిందే ఉంటుంది, తీయడానికేమీ మిగలదు. ఆ వేళ కొబ్బరి తోట లోపల తీద్దామనుకుంటారు. అదీ వద్దు. ఎండ చుక్కలూ నల్లటి నీడలూ కలిసి గందరగోళంగా వస్తుంది. తోట లోపల తీయాల్సింది మబ్బు పట్టిన రోజున.

మబ్బు రోజు వృథా అనుకునేవారికి ఒక మాట: ఆకాశం తెల్లగా, ఖాళీగా ఉంటే దాన్ని ఫ్రేములోంచి తీసేయండి. కాలువ మీదికి వాలిన కొబ్బరి మొదళ్ళు, తడిసిన పెంకులు, నాచు పట్టిన రేవు మెట్లు, లాకుల గేట్లు. వీటికి మెత్తటి వెలుతురే కావాలి. క్షితిజం కనపడకుండా తీసిన పల్లె ఫొటోలు చాలాసార్లు క్షితిజం ఉన్నవాటి కన్నా బలంగా ఉంటాయి.

ఇక ఏడాది మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చే వెలుతురు వర్షాకాలపు సాయంత్రానిది. వాన తూర్పుకి జరిగి, పడమట మబ్బు చిల్లుపడి ఎండ కొడుతుంది. మీ ఎదురుగా తూర్పున నల్లటి మబ్బు, దాని ముందు ఎండ పడ్డ పచ్చటి చేను. వీపు వెనక సూర్యుడు వద్దన్నాను కదా, దీనికొక్కదానికి ఆ నియమం వర్తించదు, ఎందుకంటే విడదీసే పని మబ్బే చేస్తోంది. ఒక్కోసారి పది నిమిషాలు కూడా నిలవదు. ఇంద్రధనుస్సు కావాలంటే సూర్యుడి ఎత్తు 42 డిగ్రీల కన్నా తక్కువ ఉండాలి, మీరు సూర్యుడికి వీపు పెట్టాలి. ఎంత సాయంత్రమైతే అంత పెద్ద విల్లు.

మంచు ఇంకో గొప్ప సాయం. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కాలువల వెంట పట్టే పొగమంచు దగ్గరి చెట్టుని నల్లగా, తర్వాతిదాన్ని బూడిదరంగులో, దాని తర్వాతిదాన్ని లేతగా చేసి దూరాన్ని తానే చూపిస్తుంది. లంబసింగి, పాడేరు వైపు కొండల్లో వరసలు వరసలుగా కనిపించేది ఇదే. మంచులో కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోతుంది. తెల్లదనాన్ని బూడిదరంగుగా తేల్చి ఫొటోని చీకటిగా తీస్తుంది. ఎక్స్‌పోజరుని 2/3 నుంచి 1 స్టాపు దాకా పెంచండి (ఒక స్టాపు పెంచడమంటే వెలుతురు రెట్టింపు చేయడం). మంచు మరీ చిక్కగా ఉంటే ఏమీ రాదు. అది విడిపోవడం మొదలైనప్పుడు, ఎండ తొలిసారి లోపలికి చొరబడే ఐదారు నిమిషాల కోసం ఆగాలి. ఏసీ గదిలోంచో, కారులోంచో బయటికి తెచ్చిన లెన్సు బయటి గాలికన్నా చల్లగా ఉంటే దాని మీద ఆవిరి పడుతుంది కాబట్టి కెమెరాను అరగంట ముందే సంచిలో ఉంచి బయట పెట్టండి.

పంట ఏ దశలో ఉందో తెలిసి వెళ్ళడం

ఊళ్ళో పుట్టినవారికి బయటివారి మీదున్న అసలు ఆధిక్యం ఇదే, కానీ దాన్ని వాడుకునేవారు తక్కువ. నాట్లు వేసిన మూడు వారాల దాకా మడిలో నీరు కనిపిస్తుంది. ఆకాశం మొత్తం కిందికి దిగుతుంది, గట్లు నల్లటి గీతలవుతాయి. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, అది జూలై, ఆగస్టు. దాళ్వాలో, అంటే రెండో పంటలో, డిసెంబరు చివర, జనవరి. తెలంగాణ యాసంగికీ కాస్త అటూ ఇటూగా అదే కాలం. ఆ తర్వాత పిలకలు తొడిగి నీరు మూసుకుపోతే పొట్ట దశ దాకా ఒకే ముదురాకుపచ్చ. అందరూ వెళ్ళి తీసేది, తేలిపోయేది ఆ దశలోనే. పైరు పండే వారం పది రోజుల్లో పసుపూ ఆకుపచ్చా పక్కపక్క మడుల్లో కలిసి ఉంటాయి. కోత అయ్యాక పనలు, కుప్పలు, గడ్డివాములు ఆకారాలిస్తాయి. కోత మిషన్లు వచ్చిన చోట కుప్పలు తక్కువ, కానీ మిషను విడిచిన గడ్డి వరసలు ఏటవాలు ఎండలో బాగా కనిపిస్తాయి.

నారుమడి ఇంకా మంచిది. చుట్టూ దున్నిన నల్లమట్టి, మధ్యలో మెరిసే లేతపచ్చ చదరం. రంగు తనంతట తానే విడిపడి ఉంది. దమ్ము చేసే ట్రాక్టరు వెనక కొంగల గుంపు ఉంటుంది. మడి చివర ట్రాక్టరు తిరిగేటప్పుడు అవి ఒక్కసారిగా లేస్తాయి, కాబట్టి మడి మధ్యలో కాకుండా మలుపు దగ్గర ఫోకస్ పెట్టుకుని ఉండండి. షట్టరు 1/1000 సెకను, ఐఎస్‌ఓ 400–800 (సెన్సరు వెలుతురుకి స్పందించే స్థాయి). తెల్ల రెక్కలు మాడిపోకుండా ఎక్స్‌పోజరు 2/3 స్టాపు తగ్గించండి.

కోనసీమ దాటితే: అరకు వైపు నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూల పసుపు. ఫిబ్రవరి, మార్చిల్లో తెలంగాణలో ఆకు రాల్చి పూసిన మోదుగు. గుంటూరు, ఖమ్మం వైపు మిరప కళ్ళాలు. మోదుగు పూలను నీలాకాశం మీద తీస్తే రంగు అదరగొడుతుంది గానీ కొమ్మలు గజిబిజిగా ఉంటాయి. నీడలో ఉన్న గుట్ట వెనకగా వచ్చేలా ఒక్క చెట్టుని, జూమ్‌లో తీయండి. మిరప కళ్ళాన్ని నేల మీద నుంచి తీయకండి, కనీసం ట్రాలీ ఎక్కండి.

నీళ్ళూ, సీపీఎల్ ఫిల్టరూ

సీపీఎల్, అంటే లెన్సు ముందు బిగించి తిప్పే పోలరైజింగ్ ఫిల్టరు, తడి ఆకుల మీది తెల్ల మెరుపుని తీసేసి పచ్చను చిక్కబరుస్తుంది. వాన తర్వాత దీనంత పనికొచ్చేది ఇంకోటి లేదు. కానీ నాట్ల మడి ముందు దాన్ని పూర్తిగా తిప్పితే మీరు వచ్చిన ప్రతిబింబమే మాయమై బురద కనిపిస్తుంది. నీటిని దాని మట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు ఫిల్టరు ప్రభావం గరిష్ఠం. తిప్పుతూ చూసి, ఆకు మెరుపు కొంత తగ్గి ప్రతిబింబం మిగిలే చోట ఆపండి. ఆకాశం మీద దాని పని సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఎక్కువ. 18 మిల్లీమీటర్ల వెడల్పులో సగం ఆకాశం ముదురు నీలంగా, సగం పాలిపోయి వస్తుంది, అది తర్వాత సరిచేయడం కష్టం. 1 నుంచి 2 స్టాపుల వెలుతురు కూడా మింగుతుంది. చెరువు నిండి మత్తడి (అలుగు) దూకుతున్నప్పుడు ఆ మింగడమే మేలు. ట్రైపాడు మీద 1/2 నుంచి 1 సెకను షట్టరుకి నీటి దారాలు వస్తాయి. అంతకు మించితే పాలపొడిలా అయిపోతుంది.

చేను తీసేటప్పుడు మాత్రం షట్టరు నెమ్మదిగా పెట్టకండి. ట్రైపాడు కెమెరాను ఆపుతుంది గానీ గాలిని ఆపదు. దగ్గరి వెన్నులు ఫ్రేములో ఉంటే 1/125 కనీసం, పిల్లగాలి ఉంటే 1/250. దానికోసం ఐఎస్‌ఓ 400 చేయాల్సొస్తే చేయండి. తెల్లవారుజామున గాలి పడిపోయి ఉంటుంది, నీటి అద్దానికీ అదే సమయం. ఎండ ఎక్కాక గాలి లేస్తుంది.

మనిషి, పశువు

దృశ్యంలో మనిషి కొలత ఇస్తాడు, కానీ ఎంత చిన్నగా ఉన్నా కన్ను ముందు అతని దగ్గరికే వెళుతుంది. కాబట్టి మనిషి ఉంటే ఫొటో అతని గురించే అయినట్టు. నడుస్తున్నవాడు ఫ్రేము లోపలికి నడుస్తూ ఉండాలి, కాళ్ళు రెండూ విడివడిన క్షణంలో నొక్కాలి. కాళ్ళు కలిసి ఉంటే స్తంభంలా కనిపిస్తాడు. నాట్లేసే ఆడవాళ్ళ వరసలో ఒకరి మీద ఒకరు పడకుండా కాస్త ఏటవాలుగా నిలబడండి.

ముందు అడగండి. "ఏం బాబాయ్, నాలుగు ఫొటోలు తీసుకోనా?" అంటే కాదనేవారు అరుదు. అడగ్గానే పని ఆపి, నిటారుగా నిలబడి కెమెరా వంక చూస్తారు. ఆ ఫొటో కూడా మర్యాదగా తీయండి, వాట్సాప్‌లో పంపండి. తర్వాత పది నిమిషాలు ఆగితే వాళ్ళ పనిలో వాళ్ళు పడతారు, మీకు కావలసింది అప్పుడు దొరుకుతుంది. ఎవరైనా వద్దంటే అక్కడితో ఆపేయండి. కొత్తగా వేసిన గట్టు మీద నడిచి తెగ్గొట్టకండి, నారుమడిలో కాలు పెట్టకండి. తెగిన గట్టు నీరు పక్క మడికి పోతే మీ ఫొటో ఖరీదు ఆ రైతు కడతాడు.

ఎడిటింగులో ఎంతవరకు

రా ఫైల్, అంటే కెమెరా తన దిద్దుబాట్లు చేయకముందున్న ఫైలు, తీయండి, ఫోనులో కూడా ఆ వీలుంటే. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలితే ఉదయపు పసుపుని కెమెరా "సరిచేసి" చంపేస్తుంది. 5200–5500 కెల్విన్ దగ్గర, అంటే డేలైట్‌లో స్థిరంగా పెట్టండి. ఫోనులో దృశ్యాన్ని గుర్తుపట్టి రంగులు పెంచే ఏఐ సదుపాయాన్ని ఆపేయండి. వరి పచ్చను అది రేడియం పచ్చగా మారుస్తుంది. నిజమైన వరి ఆకులో మనం అనుకునేదానికన్నా పసుపు ఎక్కువ. ఆకుపచ్చ చిక్కదనాన్ని, అంటే సాచురేషన్‌ని 10–15 తగ్గించి, దాని రంగుని కొద్దిగా పసుపు వైపు జరిపి, వెలుగుని కాస్త పెంచి చూడండి. ఇంతకుముందు ముద్దగా ఉన్నది మడులు మడులుగా విడిపోతుంది. వెలుగునీడల తేడాని మార్చే క్లారిటీ, హెచ్‌డీఆర్ ఎక్కువైతే కొబ్బరి మట్టల చుట్టూ తెల్లటి అంచు మెరుస్తుంది. అది కనపడిందంటే సగానికి సగం తగ్గించండి. ముఖ్యమైన చోటుని మాస్కుతో (ఎంచుకున్న భాగాన్నే మార్చే సాధనం) మూడో వంతు స్టాపు పెంచి, అంచుల్ని అంతే తగ్గిస్తే సాధారణంగా చాలు.

ఎడిటింగ్ మోసం అనేవారికి ఒక ఉదాహరణ. అమెరికా ఫొటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్ 1941 నవంబరు 1న న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని తీశాడు. ఏ మార్పూ లేకుండా నెగటివ్ నుంచి తీసిన ప్రింటులో ఆకాశం పాలిపోయి ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆయన డార్కురూములో ఆ ఆకాశాన్ని నల్లబరుస్తూ పోయాడు. కానీ సమాధుల శిలువల మీద పడ్డ చివరి ఎండ డార్కురూములో పుట్టింది కాదు, ఆ క్షణంలో అక్కడ ఉంది. ఉన్న తేడాని పెంచడం ఎడిటింగు పని. లేని తేడాని అది పుట్టించలేదు.

ఎంచుకునేటప్పుడు ఫొటోని స్క్రీన్ మీద పోస్టేజీ స్టాంపు అంత చేసి చూడండి. విషయం ఏమిటో అప్పుడూ తెలుస్తోందంటే విడిపడినట్టు. పచ్చ మరక కనిపిస్తే దాన్ని పెద్దది చేసి దిద్దే ప్రయత్నం వదిలేసి తర్వాతి ఫొటోకి వెళ్ళండి.

చివరగా, మీరు అడిగిన లెన్సు సంగతి. డబ్బు పెట్టాల్సిందేనంటే ఇదీ వరస: ముందు గట్టు బురదలో కుంగకుండా నిలిచే, మధ్య స్తంభం ఎత్తకుండానే కంటి ఎత్తుకి వచ్చే ట్రైపాడు. తర్వాత మీ లెన్సు వ్యాసానికి సరిపడే సీపీఎల్. కిట్ లెన్సు ముందంచు మీద వ్యాసం గుర్తు పక్కన ఆ అంకె ఉంటుంది, చాలావాటికి 52, 55 లేదా 58 మిల్లీమీటర్లు. మూడోది 55–250 లాంటి జూమ్, వాడినదైనా ఫరవాలేదు. కొనేముందు లోపల బూజు ఉందేమో టార్చి వేసి చూసుకోండి, తీర ప్రాంతపు తేమలో లెన్సులకు అది త్వరగా పడుతుంది. 10–18 వెడల్పు లెన్సు మీద మనసున్నా దాన్ని ఈ మూడింటి తర్వాతే కొనండి.